చిటికెన వేలంత బోల్టు

నా కుడిచేతి బొటనవేలు సగం లేదు. కుడికన్ను వెలుతురునూ నీడనూ పోల్చుకుంటుందే గాని మనిషి మొహం గుర్తుపట్టదు. రెండింటికీ కారణం చిటికెన వేలంత ఇనుప ముక్క. మా ఇంటి పాత తుపాకిలో గొట్టాలను బిగించి పట్టుకోవాల్సిన బోల్టు అది. ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఒక్క మాటలో చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు వివరంగా రాయడానికి కారణం ఉంది. మా వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో, అటకల మీదా బీరువాల వెనకా, తాతల నాటి తుపాకులు ఇంకా ఉన్నాయి.

మేము కోయంబత్తూరుకు పడమట, తొండాముత్తూరు దాటాక కొండల అడుగున వ్యవసాయం చేసుకునే నాయుళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. 1529లో విశ్వనాథ నాయకుడితో మదురైలో నాయకుల ఏలుబడి మొదలైంది. ఆ కాలంలోనో, దానికి కాస్త ముందు విజయనగరం వాళ్ళ దండులతోనో దిగివచ్చిన కుటుంబాలు మావని పెద్దవాళ్ళు చెబుతారు. బడి చదువంతా తమిళంలోనే సాగింది. తెలుగు రాత పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను, అదీ ఎడమచేత్తో.

మా చేలు అడవికి ఆనుకుని ఉంటాయి. వానలకు వేసిన వేరుశెనగ ఊడలు దిగి కాయ పట్టేసరికి పందులు దిగుతాయి. ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి చేను నాగలితో దున్నినట్టు ఉంటుంది. ఏనుగులు వస్తే అరటి, కొబ్బరి మిగలవు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అనుమతి లేకుండా జంతువును కాల్చడానికి లేదు, మేం కాల్చలేదు కూడా. డబ్బా కొట్టడం, టపాకాయలు పేల్చడం, అప్పటికీ కదలకపోతే ఆకాశంలోకి ఒక తూటా వదలడం, ఇదే మా కాపలా. ఇరవై అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం ఉన్న తుపాకికి రక్షణ కోసం లైసెన్సు ఇవ్వడానికి 1959 ఆయుధ చట్టంలో వీలుంది. మా నాయన పేరు మీద అలాంటి లైసెన్సు ఉండేది. ఆయనకు మోకాళ్ళు పట్టేసి మంచె ఎక్కలేని రోజు వచ్చాక అది నా పేరుకు మారింది.

తుపాకి మాత్రం తాత కొన్నది. ఇంగ్లండులో చేసిన రెండు గొట్టాల పన్నెండు బోరు. దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో వాల్పారై కొండ మీద టీ తోట దొర ఒకాయన ఊరికి వెళ్ళిపోతూ అమ్మేశాడట. పైనున్న మీటను పక్కకు తోస్తే గొట్టాలు ముందుకు వంగుతాయి. తూటాలు పెట్టి ఎత్తి మూస్తే టక్కుమని పడుతుంది. ఆ టక్కుమనే చప్పుడు బోల్టుది. గొట్టాల అడుగున రెండు ఇనుప గడ్డలు, వాటికి గాట్లు ఉంటాయి. బోల్టు ముందుకు జరిగి ఆ గాట్లలో కూర్చుంటుంది. లండన్‌లో పర్డీ అనే తుపాకుల పనివాడు 1863లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ లోకంలో పక్కపక్కన రెండు గొట్టాలున్న మంచి తుపాకులు చాలావరకు ఆ పద్ధతిలోనే మూసుకుంటాయి.

ఎప్పుడో డెబ్బైలలో ఆ బోల్టు అరిగిపోయింది. మూసిన గొట్టాలు పట్టుకుని ఊపితే గలగలమనేదట. లైసెన్సు ఉన్న తుపాకుల రిపేరు పనివాడు మద్రాసులో గాని దొరకడు. మా కోయంబత్తూరులోనేమో సందుకొక లేత్ పట్టడ. పైకారా జలవిద్యుత్తు వచ్చినప్పటి నుంచీ ఈ ఊరి బతుకు మిల్లులతో, మోటార్లతో, పంపులతో ముడిపడింది. 1937లో జి.డి. నాయుడు గారు, బాలసుందరం నాయుడు గారు కలిసి ఇక్కడే కరెంటు మోటారు తయారుచేశారు. ఇద్దరూ మన తెలుగువాళ్ళే. ఇంగ్లండు నుంచి రావాల్సిన భాగాన్ని చూసి అచ్చు అలాగే తిప్పి ఇచ్చే పనితనం మీదే ఈ ఊరు నిలబడింది. ఆ గర్వం నాకూ ఉంది, ఈనాటికీ ఉంది. నాయన ఆ బోల్టును అలాంటి ఒక పట్టడకు పట్టుకుపోయాడు. పనివాడు పాతదాన్ని కొలిచి, కొత్తది చేసి, ఆకురాయితో రుద్ది రుద్ది వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చోబెట్టాడు. టక్కుమనే చప్పుడు మళ్ళీ వచ్చింది. ఇదంతా నాకు తెలిసింది ప్రమాదం జరిగాకే.

1996లో పార్లమెంటుకూ అసెంబ్లీకీ కలిపి ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలనగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాల్సి వచ్చేది. అన్నీ ముగిశాక మాది తిరిగి తెచ్చుకున్నాను. ఆ ఏడు వేరుశెనగ బాగా కాసింది. తమిళుల ఐప్పసి నెల, సన్నగా తుంపర. నేనూ మా తోట మనిషీ మంచె మీద ఉన్నాం. అర్ధరాత్రి దాటాక పడమటి గట్టు పక్క నుంచి మట్టి తవ్వుతున్న చప్పుడు వచ్చింది. టార్చి వేస్తే కళ్ళు మెరిశాయి, పెద్ద మంద. డబ్బా కొట్టాం. తల ఎత్తి చూసి మళ్ళీ తవ్వుకోసాగాయి.

తుపాకి ఎత్తి ఆకాశంలోకి కుడి గొట్టం కాల్చాను. మామూలుగానే పోయింది. మంద కదిలింది గాని చేను దాటలేదు. రెండో ట్రిగ్గరు నొక్కాను.

పెద్ద శబ్దం విన్న గుర్తు నాకు లేదు. మొహం మీద ఎవరో పొయ్యి తలుపు తెరిచినంత వేడి. నోట్లో ఇత్తడి రుచి. ఆ తర్వాత చెవుల్లో ఒకటే హోరు. టార్చి ఆరిపోయిందనుకున్నాను. "టార్చి వెయ్యరా, టార్చి వెయ్యరా" అని అరుస్తున్నానట. టార్చి వెలుగుతూనే ఉంది, తోట మనిషి దాన్ని నా మొహం మీదే వేసి పట్టుకున్నాడు. ఎడమకన్ను రెప్ప కాలి వాచి మూసుకుపోయింది. కుడికన్ను తెరిచే ఉంది గాని కనబడటం లేదు. తుపాకి ఎక్కడుందని తడుముకుంటే నడుమ విరిగి, గొట్టాలు కిందికి వేలాడుతూ ఒళ్ళోనే ఉంది. కాల్చిన తుపాకి దానంతటది తెరుచుకోదు, తెరుచుకోకూడదు. నొప్పికన్న ముందు నాకు భయం వేసింది అందుకే. గొట్టాల కింద ఎడమచేత్తో పట్టుకునే చెక్క చీలి అరచేతిలో దిగబడింది. కుడిచేతి బొటనవేలు ఉండాల్సిన చోట వేడిగా, జారుడుగా, ఆకారం లేకుండా ఏదో తగిలింది. దాన్ని ఇంకోసారి ముట్టుకోలేదు.

మంచె దిగడం అన్నింటికన్న కష్టమైంది. పది మెట్ల నిచ్చెన, పట్టుకోవడానికి చేతులు లేవు. తోట మనిషి కింద నిలబడి తన భుజాల మీద నా పాదాలు పెట్టించుకుని ఒక్కొక్క మెట్టే దింపాడు. ఆయన ఇప్పుడు లేడు. నా ప్రాణం నిలిపింది ముందు ఆయనే. పంచె చింపి మోచేతి దగ్గర బిగించింది కూడా ఆయనే. ట్రాక్టరు తొట్టిలో గోనెపట్టల మీద పడుకోబెట్టి పట్నానికి తెచ్చారు. దారి పొడుగునా నాయన నా తల ఒళ్ళో పెట్టుకుని "ఏం కాదప్పా, ఉండాదిలే, చెయ్యి ఉండాదిలే" అంటూనే ఉన్నాడు. చెయ్యి ఉందో లేదో ఆయనకు చీకట్లో కనబడలేదు.

చేతులకు దెబ్బ తగిలితే కోయంబత్తూరులో ఉండటం అదృష్టమే. మిల్లుల్లో, ప్రెస్సుల్లో, ఫౌండ్రీల్లో నలిగిన చేతులను కుట్టి కుట్టి ఈ ఊరి డాక్టర్లు ఆ విద్యలో ఆరితేరారు. గంగా ఆస్పత్రి పేరు చేతి శస్త్రచికిత్సలో ఈనాడు ప్రపంచమంతా తెలుసు. నా బొటనవేలిలో మిగిలిన ఎముకను కాపాడటానికి మాంసం, చర్మం కావాలన్నారు. దానికి నా చేతిని నా పొత్తికడుపు కింద, గజ్జ దగ్గర చర్మానికే కుట్టేశారు. అక్కడి నుంచి చర్మం చేతికి అంటుకుని రక్తం పారేదాకా అలాగే ఉండాలి. వారాల తరబడి ఒక పక్కకే తిరిగి పడుకున్నాను. దగ్గు వస్తే ఎక్కడ కుట్లు తెగుతాయోనని ఊపిరి బిగపట్టేవాణ్ణి. మా ఆవిడే తినిపించేది, మా ఆవిడే కడిగేది. రెండో తరగతి చదివే కూతురు గుమ్మం దగ్గరే నిలబడిపోయేది, లోపలికి వచ్చేది కాదు. కాలిన నా మొహం చూసి దానికి భయం. అది నన్ను బాధపెట్టినంతగా కుట్లు బాధపెట్టలేదు.

కన్ను విషయం వేరే. లోపల ఇత్తడి ముక్క ఇరుక్కుందని తేలింది. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగి. రాగి కంట్లో ఉంటే మెల్లగా కరిగి కన్నునంతా విషం చేస్తుంది. అప్పటికి కోయంబత్తూరులో అరవింద్ కంటి ఆస్పత్రి శాఖ ఇంకా రాలేదు, మదురైకి పోయాం. ఆ ఆస్పత్రిని 1976లో పదకొండు పడకలతో పెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారికి యవ్వనంలోనే కీళ్ళవాతం వచ్చి చేతివేళ్ళు మెలితిరిగిపోయాయి. ఆ వేళ్ళకు కత్తి పట్టుకోవడం మళ్ళీ నేర్పించి, లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారాయన. వరండాలో పక్కన కూర్చున్న ముసలాయన ఈ సంగతి చెప్పినప్పుడు నా కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో ఉంది. ఆ పూట నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ముక్క తీశారు. చూపు మాత్రం ఇంతే మిగిలింది.

ఈలోగా పోలీసు విచారణ. తుపాకి స్వాధీనం చేసుకుని పంచనామా రాశారు. నేను బి.కామ్. చదివినవాణ్ణి, వాంగ్మూలం మీద సంతకం చెయ్యలేక వేలిముద్ర వేశాను. పంది కోసం కాల్చానా అని అడిగారు, మందుగుండు గాని దాచానా అని అడిగారు. బోల్టు ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు. కేసు మూతపడింది, లైసెన్సు రద్దయింది, తుపాకిని లైసెన్సు ఉన్న డీలరు దగ్గర జమ చెయ్యమన్నారు. అక్కడే మా బావ దాన్ని చూశాడు.

బావ అంటే అక్క మొగుడు. మదురై దగ్గర తిరుమంగళం పక్క తెలుగు కుటుంబం. సైన్యంలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాడు, తుపాకుల రిపేరే ఆయన జీవితం. డీలరు బల్ల మీద గొట్టాలు విడదీసి, విరిగిన బోల్టు రెండు ముక్కలూ తెల్లగుడ్డ మీద పెట్టాడు. గాటులో కూర్చునే అంచు గుండ్రంగా అరిగి అద్దంలా మెరుస్తోంది. విరిగిన చోట సగం పాత మచ్చ, నల్లబడి ఉంది. మిగతా సగమే కొత్తగా తెల్లగా ఉంది. "చూశావా, ఇది ఆ రాత్రి విరగలేదు. ఎన్నేళ్ళ నుంచో చీలుతూ వస్తా ఉండాది," అన్నాడు. తర్వాత ఆకురాయి తీసి గొట్టం కింది గడ్డ మీద ఒకసారి లాగాడు. గాజు మీద లాగినట్టు జారిపోయింది, గీత పడలేదు. అదే ఆకురాయిని బోల్టు ముక్క మీద లాగితే కరకరమంటూ పొడి రాలింది.

నాకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. కోయంబత్తూరువాణ్ణి, ఎం.ఎస్. రాడ్డుకూ ఇ.ఎన్. 24కూ తేడా చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. మామూలు మెత్తటి ఉక్కు చదరపు మిల్లీమీటరుకు నలభై కిలోల దగ్గర తెగుతుంది. నికెల్, క్రోమియం కలిపి వేడిచేసి నూనెలో ముంచిన ఇ.ఎన్. 24 దానికి రెట్టింపు ఓర్చుకుంటుంది. కంటికి రెండూ ఒకటే, లేత్ మీద మెత్తటిదే తేలిగ్గా తెగుతుంది. ఇంగ్లండు వాడు చేసిన అసలు బోల్టు పైపొర గట్టిగా, లోపల సాగే గుణంతో ఉండేలా కాల్చి తీసినది. మన పనివాడు కొలత తప్పు చెయ్యలేదు, ఒక్క వెంట్రుక కూడా తప్పలేదు. కొలతతో పాటు ఉక్కు పేరు, కాల్చే పద్ధతి కూడా దిగుమతి కావాలని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

బావ లెక్క వేసి చూపించాడు. పన్నెండు బోరు తూటా పేలినప్పుడు గొట్టంలో అది కూర్చునే గదిలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఏడు వందల కిలోల దాకా పోతుంది. తూటా అడుగు వైశాల్యం దాదాపు మూడు చదరపు సెంటీమీటర్లు. అంటే రెండు టన్నులకు పైబడిన తోపు, కాల్చేవాడి మొహం వైపుకు. అదంతా సెకనులో వెయ్యో వంతు కన్న తక్కువ కాలంలో. ఆ తోపు గొట్టాలను కిందికి తెరవాలని చూస్తుంది, వద్దని ఆపేది బోల్టు ఒక్కటే. బోల్టు అరిగి సందు వచ్చిందనుకోండి, తూటా ఇత్తడి అడుగుకు వెనక ఆనిక ఉండదు. ఆనిక లేని ఇత్తడి చిరుగుతుంది, చిరిగిన చోటు నుంచి గ్యాసు వెనక్కి తంతుంది. నా కంట్లో ముక్క అలా వచ్చిందే.

ఇంకోటి కూడా కనిపెట్టాడు. ఆ గొట్టం గది రెండున్నర అంగుళాల తూటాకు చేసినది. దాని మీద కొట్టిన ముద్రల్లోనే ఉంది ఆ సంగతి. మాకు దొరికే తూటాలు డెబ్బై మిల్లీమీటర్లవి, అంటే రెండూ ముప్పావు అంగుళాలు. కాల్చకముందు మూతి మడత ఉంటుంది గనుక చక్కగా లోపలికి పోతాయి. పేలగానే మడత విచ్చుకుని గొట్టం సన్నబడే చోట అడ్డుపడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. లోపలికి పట్టింది గదా అని ప్రతిసారీ ఆ బోల్టు మీద మోయలేని బరువు వేస్తూ వచ్చామన్నమాట. తాత కొన్ననాటి నుంచీ ఆ ముద్రలు చదవగలిగినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు.

ముద్రలంటే గుర్తొచ్చింది. లండన్‌లో 1637 నుంచీ, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచీ తుపాకిని అమ్మేముందు మామూలుకన్న ఎక్కువ మందు పెట్టి కాల్చి చూసి, నిలిస్తేనే ముద్ర వేస్తున్నారు. బోల్టు మారిస్తే ఆ ముద్ర చెల్లదు, పరీక్ష మళ్ళీ చెయ్యాలి. మన ఆయుధ చట్టంలోనూ ఐదో సెక్షన్ దీనికి దగ్గరి సంగతే చెబుతుంది. తుపాకిని తయారుచేసినా, మార్చినా, బాగుచేసినా, పరీక్షించినా లైసెన్సు ఉండాలి. అది పోలీసుల కోసం రాసిన సెక్షన్ అనుకునేవాణ్ణి. నా కన్ను లాంటి కళ్ళ కోసం రాసినదని ఇప్పుడు అనుకుంటాను.

ఉక్కు ఎంత ముఖ్యమో చెప్పడానికి బావ ఇషాపూర్ రైఫిళ్ళ ఫ్యాక్టరీ సంగతి ఎత్తాడు. పాత .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలును అరవైలలో 7.62 తూటాకు మార్చాలనుకున్నారు. కొత్త తూటా ఒత్తిడి ఎక్కువ. గొట్టం మార్చి ఊరుకోలేదు వాళ్ళు, ఉక్కే మార్చారు. 2ఎ, 2ఎ1 అన్న రైఫిళ్ళు అలా పుట్టాయి. ఆ తూటా ఒత్తిడి మా పన్నెండు బోరుకు దాదాపు ఐదు రెట్లు. ఇక బావ ఉద్యోగమంతా చూసిన ఎస్.ఎల్.ఆర్. రైఫిలు సెమీ ఆటోమేటిక్. అందులో గదిని వెనక నుంచి మూసే బ్రీచ్ బ్లాకు వెనక భాగం కిందికి వాలి ఒక గట్టి ఉక్కు దిమ్మెకు ఆనుకుంటుంది. ఆ దిమ్మెలు కొద్దికొద్ది తేడాలతో చాలా సైజుల్లో వస్తాయి. గేజి పెట్టి కొలిచి, ఆ రైఫిలుకు సరిపడేదాన్నే ఆర్మరర్ ఎంచి బిగిస్తాడు. ఒక రైఫిలు బ్లాకు తీసి ఇంకో రైఫిలులో వేసి కాల్చడానికి ఎవరినీ ఒప్పుకునేవాణ్ణి కాదన్నాడు. "కూర్చుంది గదా అంటారు. కూర్చోవడం వేరు బామ్మర్దీ, మొయ్యడం వేరు."

ఆ మాట నేను టెక్సస్‌లో ఉన్న ఆయన కొడుకుకు ఫోన్లో తిరిగి చెప్పాల్సి వచ్చింది. అక్కడ భాగాలు విడివిడిగా కొని ఇంట్లోనే ఏఆర్-15 రైఫిలు కూర్చుకోవడం చట్టం ఒప్పిన పని. గొట్టం ఒకరిది, బోల్టు ఇంకొకరిది. పెద్ద అడుగున్న తూటా కోసం బోల్టు ముఖం లోతుగా తొలిచిన రకం తీసుకుందామనుకుంటున్నానన్నాడు. తూటా అడుగు వెడల్పయితే వెనక్కి తోసే బలం పెరుగుతుంది, తొలిచిన బోల్టు అంచు పలచనవుతుంది. అంటే బరువు పెరిగి మోసేది చిక్కిపోతుంది. బోల్టును ఎక్కువ ఒత్తిడితో కాల్చి చూశారా, ఆ తర్వాత అయస్కాంతపు పొడితో కంటికి కనబడని చీలికలు వెతికారా, గేజితో గది కొలిచారా అని ఒక్కొక్కటీ అడిగాను. "మామా, మీకివన్నీ ఎలా తెలుసు?" అన్నాడు. వీడియో పెట్టమని నా చెయ్యి చూపించాను. గుర్తింపు ఉన్న గన్‌స్మిత్‌కు చూపించేదాకా కాల్చనని మాట ఇచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

నాయన ఇంకో తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ పట్టడ పేరు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ పనివాడి మీద నాకు కోపం లేదు. కోపమంతా, తుపాకి చేతికిచ్చి లైసెన్సు కాగితం చూసేవాళ్ళే గాని తుపాకి లోపల చూసేవాళ్ళు లేని ఏర్పాటు మీద. లైసెన్సు రెన్యువల్‌కు పోతే తుపాకి నంబరు సరిపోయిందా లేదా అని చూశారు. బోల్టు సరిగ్గా ఉందో లేదో చూసే బాధ్యత ఎవరికీ లేదు.

తాత తుపాకి ఇంట్లో ఉన్నవాళ్ళకు ఒక మనవి. తూటాలు తీసేసి, గొట్టాలు మూసి పట్టుకుని మెల్లగా ఊపి చూడండి. సందు కనబడినా, గలగలమన్నా, దానితో ఇంకొక్క తూటా కూడా కాల్చకండి. చప్పుడు లేకపోయినా, ఎప్పుడైనా బయట రిపేరు చేయించి ఉంటే కాల్చకండి. లైసెన్సు ఉన్న ఆర్మరర్ దగ్గరకు తీసుకుపోయి గది పొడవెంత, ఏ తూటాకు చేసింది, బోల్టు అసలుదేనా అని అడగండి. చూసేవాళ్ళు దొరకకపోతే డీలరు దగ్గరో స్టేషన్లోనో అప్పగించి రసీదు తీసుకోండి. చేను కాపలాకు డబ్బా, టార్చి, టపాకాయలు ఉన్నాయి. మా చేనుకు ఇప్పటికీ అవే కాపలా.